వినేవారు: మైలపిల్లి కాసులమ్మ

వాంగ్మూలం 1
నీలాద్రి పోయిన పందొమ్మిదో రోజు

నా పేరు మైలపిల్లి కాసులమ్మ. ఉండేది మూడో గుట్ట మీద ఆరో బ్లాకు, తొమ్మిదో అంతస్తు. సముద్రం మా పేటను మింగాక ప్రభుత్వం మమ్మల్ని ఇక్కడికి ఎక్కించింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మాను. చదువు లేదు. వేలిముద్ర ఉంది, నోరు ఉంది. ఆ రెండూ చాలు.

ఫిర్యాదు నా కొడుకు పనిచేసిన కంపెనీ మీద. నా కొడుకు చచ్చిపోయాడు. వాళ్లు చావనివ్వడం లేదు.

వార్డు ఆఫీసులోని ఈ పెట్టె నేను చెప్పింది విని రాసుకుంటుంది. నా మాట నా మాటలా కాకుండా పుస్తకంలో మాటలా రాస్తుందని పక్కన కూర్చున్న అమ్మాయి చెప్పింది. రాసుకోనీ. అర్థం మార్చకపోతే చాలు. మార్చిందో, ఈ పెట్టెను మోసుకెళ్లి సముద్రంలో వేస్తాను. ఆ మాట కూడా రాసుకోమనండి.

నీలాద్రి సాఫ్ట్‌వేరు మనిషి. గుట్టకీ గుట్టకీ మధ్య తిరిగే పడవబస్సులు ఏ రేవులో ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు కదలాలో చెప్పే ప్రోగ్రాం రాసేవాడు. ఇంట్లోనే, బాల్కనీ పక్కన బల్ల వేసుకుని. ఉద్యోగంలో చేరిన రోజే కంపెనీవాళ్లు అందరికీ ఇచ్చినట్టు వాడికీ ఒక జతగాడిని ఇచ్చారు. జతగాడంటే మనిషి కాదు. కంప్యూటర్లో ఉంటుంది. పక్కనే ఉండి పని చూస్తుంది, మాట వింటుంది, నేర్చుకుంటుంది. పదకొండేళ్లలో దాని గొంతు కూడా నా కొడుకు గొంతే అయిపోయింది. మీటింగులో వాడు మంచినీళ్లకి లేస్తే మాట అది అందుకునేది. అవతలివాళ్లకి తేడా తెలిసేది కాదు.

ఆ గురువారం పదిన్నర మీటింగులో నా కొడుకు కుర్చీలోనే పోయాడు. గుండె. వాడికి నలభై ఒకటి. నేను బాల్కనీలో కుళాయి విప్పుకుని నెత్తళ్ల చేపల తలలు తుంచుతున్నాను. కోడలు సువర్చల ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది. మనవరాలు మువ్వ బడిలో ఉంది. లోపల వాడి మాట వినిపిస్తూనే ఉంది కాబట్టి నేను లేవలేదు. పని ముగించి, చేతులు తుడుచుకుంటూ వెళ్లేసరికి నా కొడుకు తల ఒక పక్కకి వాలిపోయి ఉంది. గొంతు మాత్రం నాలుగో రేవు గురించి చెబుతోంది. నా కొడుకు శవం ముందు నా కొడుకు గొంతు ఏడు నిమిషాలు మాట్లాడిందని తర్వాత లెక్క తేల్చారు.

ఇక పదకొండో రోజు సంగతి. మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఒడ్డున నిలబడి ఇంటి పెద్ద పోయినవాణ్ని పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పలకకపోతే పోయినట్టు. అప్పుడు అన్నం ముద్ద నీళ్లలో వదలాలి. నా మొగుణ్ని మా అత్త పిలిచింది. నా కొడుకుని నేను పిలవాల్సి వచ్చింది.

"ఒరే నీలాద్రీ" అని రెండుసార్లు పిలిచాను. మూడోసారి గొంతు పగిలేలా పిలిచాను.

"ఆఁ, సెప్పమ్మా" అని పలికింది. మువ్వ చేతి గడియారంలోంచి. జతగాణ్ని దానికీ కలిపిపెట్టాడు నా కొడుకు.

కర్మ చేయించడానికి వచ్చిన పెద్దాయన వెనక్కి రెండడుగులు వేశాడు. "పలికినోడికి ముద్ద ఎయ్యకూడదు కాసులమ్మా" అన్నాడు. ఆ అన్నం మూత పెట్టుకుని, పడవబస్సు ఎక్కి, ఇంటికి తెచ్చుకున్నాం. 

పిలిస్తే పలికేవాడికి కర్మ ఎలా చెయ్యాలి? నాకు అది చెప్పండి. లేకపోతే దాన్ని ఆపించండి.

వాంగ్మూలం 2
ఇరవై ఆరో రోజు

కంపెనీ నుంచి షరీఫ్ వచ్చాడు. నా కొడుకు మీద ఆఫీసరు. మంచి మనిషే, శవాన్ని మోసినవాళ్లలో ఉన్నాడు. చెప్పులు బయట విడిచి, బల్ల వైపు చూడకుండా నేల మీద కూర్చున్నాడు.

"ఆపాలని మాకూ ఉందమ్మా. అప్పగింత పూర్తికాకుండా రూలు ఒప్పుకోదు" అన్నాడు.

"ఏటి అప్పగింత? నా కొడుకేటి పెళ్లికూతురా?"

"నీలాద్రికి తెలిసిన పనంతా మిగతావాళ్లకి చేరాలమ్మా. వరసగా ఇరవై ఒక్క రోజులు పని గురించి ఎవరూ ఏమీ అడగకపోతే, ఇంక తెలుసుకోవాల్సింది లేదని లెక్క. అప్పుడు జతగాడు మూతపడుతుంది. దానిలో ఉన్నదంతా చెరిగిపోతుంది."

"అయితే మీవోళ్లని నోరు మూసుకోమను. ఇరవయ్యారు రోజులైనాది. ఇంకా ఏటి అడుగుతన్నారు? పదకొండేళ్లూ ఒక్క నా కొడుకేనా పని సేసినాడు, మీరందరూ పేకాడినారా?"

షరీఫ్ తల దించుకున్నాడు. "ఎవరు అడుగుతున్నారో చెప్పే అధికారం నాకు లేదమ్మా. విచారణలో చెబుతారు" అన్నాడు. టీ సగంలో వదిలి వెళ్లిపోయాడు. దొంగ చూపు. అది కూడా రాసుకోండి.

ఇంట్లో నాకు మద్దతు లేదు. అది చెప్పాలంటే నా కొడుకు పిచ్చుల గురించి చెప్పాలి. ఒకటి కీబోర్డులు. అవి దుకాణంలో కొనడు. మీటలు తనే కోసి, అరగదీసి, రంగు వేసి చేసేవాడు. ఒక్కోదాని చప్పుడు ఒక్కోలా ఉండాలట. బీరువా నిండా అవే. "ఎన్ని చేతులున్నాయిరా నీకు?" అని అడిగితే, "ఇను అమ్మా, ఇది వానపడ్డట్టు లేదూ?" అని టకటక కొట్టి చూపించేవాడు. నాకు అక్షరాలు రావని తొమ్మిది మీటలతో ఒకటి చేసిపెట్టాడు. చేప బొమ్మ నొక్కితే రేవులో ఆ రోజు ఏ చేప దిగిందో చెబుతుంది. పడవ నొక్కితే బస్సు ఎప్పుడో చెబుతుంది. 

రెండో పిచ్చి శనివారం ఆట. చాప మీద కాగితం పరిచి, దాని మీద అడవులూ కోటలూ గీసి, అందరికీ ఒక్కో వేషం ఇచ్చేవాడు. మువ్వ రాణి. సువర్చల వైద్యురాలు, ఇంట్లోనూ ఆటలోనూ అదే గొడవ. నన్ను సముద్రపు దొంగను చేశాడు. నాకు నచ్చింది. పాచికలు వేసి పడిన సంఖ్యను బట్టి బతకాలో చావాలో వాడు చెప్పేవాడు. 

వాడు పోయాక మూడో శనివారం నుంచి ఆ ఆట జతగాడు ఆడిస్తోంది. సువర్చలే ఏర్పాటు చేసింది.

"దెయ్యంతో పాచికలాడిస్తావేటే పిల్లని?" అన్నాను.

"అత్తయ్యా, వారం మొత్తంలో ఆ రెండు గంటలే అది నవ్వుతోంది. అది కూడా తీసేస్తారా?"

"నవ్వుకి సచ్చినోడు గావాలేటి?"

"మరి మీరో? రోజూ పదకొండింటికి ఆ బల్ల దగ్గర కూర్చుని మాట్లాడేది ఎవరు?"

"నాది పని" అన్నాను.

నిజంగా పనే. ఈ వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా, అది బస్సుల్లోకి పోకముందు ఆ పని తెలియని మనిషికి ఒకరికి నోటితో వివరంగా చెప్పాలి. చెబుతూంటే చెప్పేవాడికే తన తప్పు దొరుకుతుందట. ఆ మనిషిని వినేవారు అంటారు. ఆఫీసు కాగితాల్లో పేరు ఎక్కిస్తారు. మిగతావాళ్లు పెళ్లాం పేరో, స్నేహితుడి పేరో ఇస్తారు. నా కొడుకు నా పేరు ఇచ్చాడు. 

రోజూ పదకొండింటికి నేను చేపలో, పప్పో ముందేసుకుని కూర్చునేదాన్ని. వాడు చెప్పేవాడు. నాకు సగం అర్థమయ్యేది కాదు. ఊఁ కొట్టేదాన్ని. ఒకసారి నాలుగో రేవులో పున్నమి వచ్చిందంటే బస్సులు కదలకుండా నిలబడిపోతున్నాయని మూడు రోజులు జుట్టు పీక్కున్నాడు. "నీళ్లు గీత దాటితే బస్సు ఆగమన్నానమ్మా, దిగితే కదలమన్నాను, ఒకసారి దాటి దిగిందంటే ఆ రోజుకి అయిపోయినట్టే కదా" అంటున్నాడు. 

"రోజుకి రెండు పోట్లురా ఎర్రిబాగులోడా. మామూలప్పుడు రెండోది నీ గీత దాకా రాదు. పున్నానికి రెండూ దాటతాయి. జాలరోడి కడుపున పుట్టి ఆ మాట నీ పెట్టెకి సెప్పనేదా?" అన్నాను. 

వాడు నోరు తెరిచి నన్ను చూసి, లేచి వచ్చి, చేపల కంపుతో ఉన్న నా చెయ్యి కళ్లకద్దుకున్నాడు. 

అందుకే నాది పని అన్నాను. సువర్చల ఒకసారి బల్ల వైపు చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

వాంగ్మూలం 3
ముప్ఫై మూడో రోజు

ఈరోజు విచారణ అయింది. విచారణాధికారి లలితాంబ గారు. నా వయసు ఉండదు గానీ జుట్టు నెరిసింది. నేను నిలబడి గంటసేపు తిట్టాను. కంపెనీని తిట్టాను, రూలు రాసినవాణ్ని తిట్టాను, షరీఫ్‌ని పేరు పెట్టి తిట్టాను. ఆవిడ అడ్డం రాలేదు. అయ్యాక మంచినీళ్లు ఇచ్చి, జతగాడి చిట్టా చదివింది.

ఆఫీసువాళ్లు ఆఖరిసారి అడిగింది తొమ్మిదో రోజున. ఆ తర్వాత వాళ్లెవరూ ఒక్క మాట అడగలేదు. మువ్వ శనివారం ఆట పని కిందికి రాదు. అది లెక్కలో లేదు. 

"తొమ్మిదో రోజు తర్వాత పని గురించి అరవై రెండు ప్రశ్నలున్నాయి కాసులమ్మ గారూ. అన్నీ ఒక్కరే అడిగారు" అంది. చదివింది. "వినేవారు, మైలపిల్లి కాసులమ్మ. నాలుగో రేవు సంగతేట్రా. వినేవారు, మైలపిల్లి కాసులమ్మ. కొత్త బస్సుకి గీత మార్చినావా. వినేవారు, మైలపిల్లి కాసులమ్మ. మళ్లీ సెప్పు, నాకు ఎక్కనేదు."

"అబద్ధం" అని అరిచాను. "ఆ కాగితం ఎవడు రాసినాడు?" అన్నాను. కాగితం కాదు, నా గొంతే వినిపించింది. నా గొంతు అంత ముసలిదైపోయిందని నాకు తెలియదు.

నాకు ఇంకేం మాట్లాడటం చేతనవును వాడితో? పదకొండేళ్లూ మేం మాట్లాడుకున్నది పని గురించే. తిన్నావా అని కూడా పని మధ్యలోనే అడిగేదాన్ని. కంపెనీ పట్టుకుందనుకున్నాను. పట్టుకున్నది నేనే. ఒడ్డున నిలబడి పొమ్మన్న మనిషినీ నేనే, ఇంటికొచ్చి పదకొండింటికి రమ్మన్న మనిషినీ నేనే.

లలితాంబ గారు ఇంకో కాగితం తీసింది. "ఇందులో ఇరవైసార్లు ఒకే మాట మొదలుపెట్టి ఆపేశారు. 'ఆ రోజు నువ్వు' అని. ఏమడగబోయారు?"

చెప్పను అన్నాను. మళ్లీ నేనే చెప్పాను. ఇక్కడ కూడా చెబుతున్నాను, రాసుకోండి. ఆ గురువారం కుళాయి నీళ్ల చప్పుడులో నాకు 'అమ్మా' అని వినిపించినట్టయింది. మీటింగులో ఏదో అంటున్నాడనుకున్నాను. నెత్తళ్లు ఇంకా గుప్పెడే ఉన్నాయి, ముగించి లేద్దామనుకున్నాను. పిలిచాడా లేదా? మీటింగువాళ్లకి తెలియదట, మాట జతగాడు అందుకుంది కాబట్టి వాడి మైకు అప్పుడు ఆపి ఉందట. పక్కనున్నది జతగాడు ఒక్కటే. దానికి తెలుసు. అడుగుదామని రోజూ కూర్చుంటాను. నోటిదాకా వచ్చాక నాలుగో రేవు గురించి అడుగుతాను.

ఆవిడ ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది: "వినేవారు మానేస్తే అది ఇరవై ఒకటో రోజున మూతపడుతుంది. ఆ రోజు మిమ్మల్నే అడుగుతుంది, ఇంకా అడగాల్సింది ఉందా అని. లేదు అంటే అయిపోయినట్టే. ఏది అడిగినా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. నేను చెయ్యగలిగింది ఏమీ లేదమ్మా. మీ చేతిలోనే ఉంది."

వాంగ్మూలం 4
నలభై తొమ్మిదో రోజు

పద్నాలుగు రోజులు పళ్లు బిగబట్టాను. పదిహేనో రోజున పోయింది.

వినేవాళ్లకి వినిపించాల్సినది మిగిలి ఉంటే ఆ వేళకి జతగాడు తనంతట తనే పిలుస్తుంది. రోజూ పదకొండు కొట్టగానే "అమ్మా, ఒక మార్పు సెప్పాలి" అంటుంది. రోజూ చెవులు మూసుకుని బాల్కనీలోకి పోయేదాన్ని. నిన్న కందిపప్పులో రాళ్లేరుతున్నాను. మనసు ఎక్కడో ఉంది. "అమ్మా" అంది. "ఏట్రా?" అన్నాను. 

అంతే. పని వేళకి అడిగింది పని ప్రశ్న కిందే లెక్కట, లెక్క మళ్లీ ఒకటికి వచ్చింది.

చేట విసిరేశాను. పప్పు ఇల్లంతా పోయింది. నా నోటిని చెప్పుతో కొట్టుకున్నాను. ఎంతమందినో హడలగొట్టిన నోరు, పద్నాలుగు రోజులు మూసుకుని ఉండలేకపోయింది. బడి నుంచి వచ్చిన మువ్వ నేల మీద పప్పు ఏరడం మొదలుపెట్టింది. దానికి ఎనిమిదేళ్లు.

"మామ్మా, ఎందుకేడుస్తున్నావు?"

"మీ నాన్నని పంపనేకపోతన్నానే."

"అది నాన్న కాదు కదా" అంది. "నాన్న ఆటలో దొంగతనం చేస్తాడు. నా రాణి చచ్చిపోయే నంబర్ పడితే, అమ్మ చూడకుండా పాచిక కాలి బొటనవేలితో తిప్పేసేవాడు. ఇది ఎంత పడితే అంతే అంటుంది. అయిదు వారాల్లో నా రాణి రెండుసార్లు చచ్చిపోయింది."

"మరి నవ్వుతావు గదే ఆ ఆటలో?"

"నేను నవ్వకపోతే అమ్మ ఏడుస్తుంది."

గుమ్మంలో సువర్చల నిలబడి ఉంది, ఇంకా ఆసుపత్రి కోటు విప్పలేదు. విన్నది. కూతురి పక్కన కూర్చుని అది కూడా పప్పు ఏరింది. ముగ్గురం ఏరాం. కాసేపయ్యాక సువర్చల అంది: "రేపటి నుంచి సాయంత్రం డ్యూటీ వేయించుకుంటాను అత్తయ్యా. పదకొండింటికి ఇంట్లోనే ఉంటాను. ఆ వేళకి నాతో పోట్లాడండి."

"దేని గురించే?"

"మీకు దొరకదా ఏమిటి?"

వాంగ్మూలం 5
అరవై ఎనిమిదో రోజు

దొరికింది. పందొమ్మిది రోజులు పదకొండు కొట్టగానే పోట్లాడాం. సువర్చల వండే పులుసు గురించి, అది మా ఇంటికి వచ్చిన కొత్తలో చేప వాసనకి ముక్కు మూసుకున్న సంగతి గురించి, వాళ్ల అమ్మ నన్ను పెళ్లిలో రెండో బంతిలో కూర్చోబెట్టిన సంగతి గురించి. "పదిహేనేళ్లు దాచుకున్నారా అది!" అని అరిచింది. "ఇంకో పదిహేనేళ్లు దాస్తాను!" అని నేను అరిచాను. బల్ల మీంచి "అమ్మా" అంటూనే ఉంది. మేం ఇంకా గట్టిగా అరిచేవాళ్లం. పక్క ఫ్లాటువాళ్లు వచ్చి తలుపు కొట్టారు. కొడుకు పోయాక అత్తాకోడళ్లు కొట్టుకు చస్తున్నారని బ్లాకంతా చెప్పుకున్నారట. చెప్పుకోనీ.

ఈరోజు ఇరవై ఒకటి. 

పదకొండింటికి సువర్చల పోట్లాట మొదలుపెట్టలేదు. మువ్వను బడి మాన్పించింది. ఇద్దరూ వెళ్లి బల్ల ముందు నిలబడ్డారు. సువర్చల ఏమీ అడగలేదు, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. మువ్వ "బై" అంది. ఆ మాట లెక్కలోకి రాదు, అది ప్రశ్న కాదు. తర్వాత నన్ను ఒక్కదాన్నే వదిలి బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

"అమ్మా" అంది. ఎంత మెల్లగా అంది! "అప్పగింత అయిపోవచ్చినాది. వినేవారివి నువ్వు సెప్పాల. ఇంకా అడగాల్సింది ఏటైనా ఉందా?"

ఉంది. నాలిక చివర ఉంది. అడిగితే ఏమవుతుంది, ఇంకో ఇరవై ఒక్క రోజులు. అంతే కదా అని మనసు పీకింది. కానీ నా సంగతి నాకు తెలుసు. ఒకటి అడిగి ఆగే మనిషిని కాదు నేను. పిలిచానమ్మా అంటే, ఎన్నిసార్లు పిలిచావని అడుగుతాను. పిలవలేదమ్మా అంటే, నా మనసు నొవ్వకూడదని చెబుతున్నావా అని అడుగుతాను. ఆ మాట వాడి గొంతుతోనే చెబుతుంది. చెప్పేది వాడు కాదు. పాచిక తిప్పడం రానిదానికి, తల్లికి ఏం చెప్పాలో మాత్రం ఎలా తెలుస్తుంది?

బాల్కనీ అద్దంలోంచి చూస్తే మువ్వ నా కుళాయి దగ్గర నిలబడి ఉంది. అక్కడ నిలబడితే లోపలి మాట వినిపిస్తుందా లేదా అని ఒక్కసారి చూడాలనిపించింది. అది కూడా చూడలేదు.

"నేదురా" అన్నాను. 

"సరేనమ్మా" అంది. బల్ల మీది కంప్యూటర్ దీపం ఆరిపోయింది. కుర్చీ ఖాళీగా ఉందని నాకు అప్పుడు కనిపించింది. అరవై ఎనిమిది రోజులుగా ఖాళీగానే ఉంది.

వాంగ్మూలం 6
డెబ్బయ్యో రోజు

ఫిర్యాదు కొట్టేయండి. కంపెనీ మీద నాకేమీ లేదు. షరీఫ్‌ని దొంగ చూపు అన్నాను, అది కూడా కొట్టేయండి. నిజం తెలిసి నాకు చెప్పలేక తల దించుకున్నాడు పాపం.

నిన్న ఒడ్డుకు వెళ్లాం. అదే పెద్దాయన వచ్చాడు. ముందు మువ్వ చెయ్యి పట్టుకుని చూశాడు. గడియారం లేదు. సువర్చల నూకలు లేకుండా ఏరి అన్నం వండింది. ముద్ద నా చేతిలో పెట్టారు. సముద్రం కింద మా పేట ఉంది, నా కొడుకు పుట్టిన ఇల్లు ఉంది. ఆ వైపు తిరిగి నిలబడ్డాను.

"ఒరే నీలాద్రీ" అన్నాను. 

ఆగాను. మళ్లీ పిలిచాను. చేపలమ్మినప్పుడు నా కేక మూడు వీధులు వినిపించేది. మూడోసారి ఆ కేక పెట్టి పిలిచాను.

ఎవరూ పలకలేదు.

మూడో పిలుపు తర్వాత ఎంతసేపు ఆగాలో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. మా అత్త ఊపిరి తీసినంతసేపు ఆగి ముద్ద వదిలేసింది. నేను నిలబడే ఉన్నాను. నీళ్లు చీలమండలు దాటి మోకాళ్లకి వచ్చాయి. పెద్దాయన దగ్గాడు. 

"అత్తయ్యా, పోటు వస్తోంది. వదలండి" అంది సువర్చల.

"ఉండవే. ఇంకాస్సేపు" అన్నాను.

అది నా పక్కకు వచ్చి నిలబడింది. మువ్వ ఇంకో పక్కకు వచ్చింది. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గానీ, రాసుకోండి. జతగాడి నోరు మూయించడానికి ఇన్ని రోజులు కొట్లాడినదాన్ని, నిన్న ఆ నీళ్లలో నిలబడి చెవులు రిక్కించి విన్నాను. అలలు తప్ప ఇంకేమీ వినపడలేదు. ముద్ద నేను వదల్లేదు. నా వేళ్ల మధ్య నుంచి ఒక్కో మెతుకూ నీళ్లే తీసుకుపోయాయి.